మీ రికార్డుల్లో మా తోలు

సంగీతానికి కులం లేదంటారు. ఆ మాట అనేవాళ్ళను నేను నలభై ఏండ్లుగా చూస్తా ఉండా. వాళ్ళల్లో ఒక్కడన్నా మాదిగిండ్ల నుంచి వచ్చినోడు నాకు తగల్లేదు.

మాది జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డు పల్లె. మా నాయన పలక కొట్టేవాడు. మీరు డప్పు అంటారే, మా పక్క అది పలక. చావుకు, పెండ్లికి, జాతరకు, పీర్ల పండగకు, దండోరాకు అన్నిటికీ ఆయనే. చచ్చిన గొడ్డును లాగేదీ, తోలు తీసేదీ, చెప్పు కుట్టేదీ ఆయనే. మా అమ్మ చర్చి పాటల మనిషి. జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్ళు పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆసుపత్రి పెట్టినారు, బడులు పెట్టినారు. ఆ దోవనే మా గుడిసెలోకి 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం వచ్చింది. పురుషోత్తమ చౌధరి (1803–1890) లాంటి వాళ్ళు రాసిన కీర్తనలు అందులో ఉన్నాయి. పాట నెత్తిన రాగమూ తాళమూ అచ్చేసి ఉంటాయి. మా అమ్మకు అక్షరం రాదు. ఉపదేశి చెప్తే నోటికి పట్టింది. ముఖారి అనే పేరు మాత్రం ఆమెకు తెలుసు, శవం లేచేటప్పుడు ఎత్తుకునే పాట రాగం అదని. ముందర మా నాయన పలక, వెనక మా అమ్మ ముఖారి. నా సంగీతం బడి ఆ చావు ఊరేగింపే.

1980లో శంకరాభరణం సినిమా వచ్చినప్పుడు నేను ప్రొద్దుటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతాండా. బంగారు అంగళ్ళ ఊరది. ఆ సినిమా చూసినాక దుడ్డుండే ప్రతి ఇంట్లోకీ త్యాగయ్య దిగినాడు. మా లెక్చరరొకాయన ఒక ఆదివారం నన్ను ఒక శెట్టిగారి మిద్దె మీదికి పిల్చకపోయినాడు. వారం వారం అయిదారుగురు చేరి గ్రామఫోను ప్లేట్లు పెట్టుకోని వింటారు. పక్కకు మూడు నాలుగు నిమిషాలు పాడే పాత 78 ప్లేట్లు, తర్వాతొచ్చిన పెద్ద ప్లేట్లు. ద్వారం వెంకటస్వామినాయుడు ఫిడేలు, అరియకుడి, జీఎన్‌బీ, 1966లో ఐక్యరాజ్యసమితిలో ఎమ్మెస్ పాడిన కచేరీ. ఒక సూది గురించి గంట సేపు కొట్లాడుకుంటారు. అబద్ధం ఏంటికి? నాకు బాగుండింది. వారమంతా ఆదివారం కోసరం కాచుకోని ఉంటాంటి.

ప్లేటును ఎట్ల పట్టుకోవాల్నో శెట్టిగారు అందరికీ నేర్పించినాడు. రెండు అరచేతుల మధ్య, అంచులు మాత్రమే. వేలి జిడ్డు గాడిలో దిగితే దుమ్ము అంటుకుంటుంది, సూది కింద చిటపటమంటుంది. నిజమే, తప్పు పట్టను. లెక్చరరు పట్టుకున్నాడు. బ్యాంకాయన పట్టుకున్నాడు. శెట్టిగారి పదేండ్ల మనమడూ పట్టుకున్నాడు. నా వంతొచ్చేతలికి శెట్టిగారు నవ్వుతానే, "నీకేంటికబ్బా ఆ తిప్పలు, కూచోని విను" అన్న్యాడు. మూడేండ్లు పోయినా ఆ మిద్దె మీదికి. ఒక్క ప్లేటు నా చేతికి రాలేదు. నన్నెవరూ తిట్టలేదు. కాఫీ ఇచ్చినారు. గ్లాసు సంగతి రాయను, మీకు తెలిసిందే. గుళ్ళో అయితే దేవుడు మైలపడతాడు. మిద్దె మీద గాడి మైలపడుతుంది. పరాయి దేశపు యంత్రం వచ్చినా మడి దాంట్లోకి ఎంత సులువుగా దిగిందో చూడండి.

ఆ మిద్దె మీదే అన్నమయ్య కీర్తనల ప్లేటు తిరిగేది. మా కడప గడ్డ మీద తాళ్ళపాకలో పుట్టినోడు. బ్రాహ్మడి కాళ్ళ కిందా చండాలుడి కాళ్ళ కిందా ఉండే నేల ఒక్కటేనని అర్థం వచ్చే కీర్తనకు అందరూ కండ్లు మూసుకోని తలలూపేవాళ్ళు. నేను కండ్లు తెరుచుకోని వాళ్ళను చూసేవాణ్ణి.

ఒకరోజు ఫిడేలు ప్లేటు పెట్టి లెక్చరరు పరీక్ష పెట్టినాడు, ఏ రాగమని. ఇద్దరు భైరవి అన్నారు. నేను ముఖారి అన్న్యా. లేబులు చూసినారు. ముఖారే.

"యాడ నేర్చుకున్నావ్?"

"చావుల్లో సార్. మా అమ్మ చర్చి పాటలు పాడుతుంది."

ఎవరూ మాట్లాడలేదు. కొంచెం సేపటికి బ్యాంకాయన, "చర్చి ముఖారి వేరు లేబ్బా" అన్న్యాడు. భైరవికీ ముఖారికీ తేడా తెలియనోడు తన ముఖారికీ మా అమ్మ ముఖారికీ తేడా పట్టేసినాడు! ఇదీ రసికత.

1984లో పులివెందులలో టీచరుద్యోగం వచ్చింది. జీతం కూడబెట్టి టేపురికార్డరు కొన్నా. మరుసటేడు పీర్ల పండగకు మా నాయన పలక కొడతాంటే క్యాసెట్టుకు ఎక్కించినా. అది తీసుకోని ప్రొద్దుటూరు బస్సెక్కినా. వాళ్ళు నాకు ఇన్ని వినిపించినారు గదా, నేనొకటి వినిపించొద్దా? శెట్టిగారు క్యాసెట్టు చేత్తో అందుకోలేదు, బల్ల మీద పెట్టమన్న్యాడు. "పలక మోతకు స్పీకరు చినిగిపోతాదబ్బా" అన్న్యాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడతాండా. ఆ పూటే అదే స్పీకర్లో గొంతంతా పెంచి మృదంగం తని ఆవర్తనం విన్నారు. చినగలేదు.

మృదంగమంటే ఏంది? కట్టె పనసది. మిగతాదంతా ఆవు తోలు, మేక తోలు, ఎనుము తోలు. తోలు తీసి, కడిగి, వెంట్రుక గీకి, ఎండబెట్టి, వారు కోసి బిగించే చేతులెవరివి? గోవుకు దండం పెట్టే చేతులు గోవును కోయవు, తోలు వొలవవు. గొడ్డు తింటామని మమ్మల్ని ఊరవతల పెట్టినారు. ఆ గొడ్డు తోలే కచేరీలో నాదబ్రహ్మం. తంజావూరు పక్క తరతరాలుగా ఆ పని చేసింది ఎక్కువగా దళిత క్రైస్తవులు. పాలఘాట్ మణి అయ్యర్‌కు మృదంగాలు చేసిన పర్లాందు వాళ్ళలోని మనిషే. 2020లో టి.ఎం. కృష్ణ ఈ కథంతా 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని పుస్తకం రాస్తే, ఆవిష్కరణకు హాలిస్తామన్న చెన్నై కళాక్షేత్ర మాట వెనక్కి తీసుకుంది. మంచి పుస్తకమే. కానీ మా మాట మీ చెవికెక్కాలన్నా మీలో ఒకరే రాయాల్సి వచ్చింది, అది గూడా గమనించండి.

ఆ 78 ప్లేటయినా ఎవరిది? దాంట్లో కలిపింది లక్క. ఛోటానాగ్‌పూర్ అడవుల్లో చెట్లెక్కి లక్క గీకింది ఆదివాసులు. గ్రామఫోను కొత్తల్లో ధైర్యంగా గొంతిచ్చింది సేలం గోదావరి, కోయంబత్తూరు తాయి లాంటి దేవదాసి ఇండ్ల ఆడవాళ్ళు. ఆ మిద్దె మీద అయ్యర్లకూ అయ్యంగార్లకూ 'గారు' ఉండేది. ఈ ఆడవాళ్ళకు ఉండేది కాదు.

మన మిత్రులు కొందరు, ఆ బాపన సంగీతం మనకేల, పలక చాలు అంటారు. నేనొప్పుకోను. మా అమ్మ గొంతులోని ముఖారిని ఎవరికి రాసిచ్చేది? తోలు మాది, లక్క ఆదివాసులది, గొంతు దేవదాసులది అయినాక, వినే హక్కు ఒక్కటి వాళ్ళకు వదిలేసి రావాల్నా? నేను వింటాను. వింటా తగాదా పెట్టుకుంటాను.

పులివెందుల బాడుగింట్లో ఒకసారి మణి అయ్యర్ మృదంగం క్యాసెట్టు పెట్టినా. మా నాయన గడప దగ్గర కూచోని విన్న్యాడు. వాయించేది ఎవరని అడగలేదు. "తోలు తీసినోడు పనోడురా. కత్తి గాటు యాడా పడల్యా. నీడన ఆరేసినాడు" అన్న్యాడు. ఆ మిద్దె మీద ఇంత దూరం విన్న చెవి ఒక్కటీ లేదు.

ఆయన 1993లో పోయినాడు. పీర్ల పండగ క్యాసెట్టు రేకు పెట్టెలో ఉండిపోయింది. 2019లో నా కూతురు దాన్ని ఫోనులోకి ఎక్కించింది. పెట్టంగానే మొదట చిటపట వినపడతాది. పాత క్యాసెట్టు గదా, పాడైంది అనుకుంది నా కూతురు. పాడవలేదు. అది జొన్నచొప్ప మంట. మా నాయన పలక కాంచుకుంటా ఉండాడు.