విశాఖ తీరమున నొక చిన్న గది



మొన్న పిల్లలతో విశాఖపట్టణమున సముద్రతీరమునకు వాహ్యాళి వెళ్లితిమి. అచ్చట నిసుకలో కూరుకొనియున్న పాత సిమెంటు గదిని చూచి మా చిన్నది, “అమ్మా, ఇంత చిన్నయింట నెవరు కాపురముండిరి?” అని యడిగెను.

అది కాపురమునకు కట్టినది కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున జపాను సేన యోడలపై వచ్చి దిగునేమో యని, తుపాకులు సాచుటకు గోడలలో సన్నని కంతలుంచి యిట్టి కాపుగదులను తీరమున నిర్మించిరి. వీనినే పిల్‌బాక్సు లందురు. కాని శత్రువు తీరమున దిగలేదు, ఆకాశమున వచ్చెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపైనను, కాకినాడపైనను బాంబులు వైచెను. నాడెందఱో తల్లులు బిడ్డలను చంకనెత్తుకొని పల్లెలకు తరలిపోయిరి. ఈ గదులు వారికి రక్ష కాలేదు.

2021 ఆగస్టులో అలలు తీరమును కోయగా, రామకృష్ణా బీచిలో వై.ఎం.సి.ఏ. చెంత నిట్టి గది యొకటి బయల్పడెను. సముద్రము చూపినదానిని సముద్రమే మ్రింగవచ్చును. పెద్దల జ్ఞాపకములును నట్టివే. ఆ దినము లెఱిగిన యవ్వ మీ యింట నున్నచో, నేడే యడిగి వ్రాసికొనుడు. పిల్లలు ఆ గదిచెంత నాడుకొనుట మేలే. అది యేమో తెలిసి యాడుకొనుట మఱింత మేలు.