పాల ట్యాంకుకు పేటెంటా? కొత్తదనం ఏమిటో అడుగుదాం

పాల కేంద్రంలో బల్క్ కూలర్ ట్యాంకును మనం రోజూ చూస్తున్నాం. లోపల స్టీలు తొట్టి, బయట మరో రేకు, మధ్యలో ఫోమ్. 4 డిగ్రీలకు చల్లబడిన పాలు కరెంటు పోయినా వెంటనే వేడెక్కకుండా ఆ ఫోమే కాపాడుతుంది. రేపు ఏదో ఒక కంపెనీ ఫోమ్ మందం కాస్త పెంచి, మూత మార్చి పేటెంటు అడిగిందనుకుందాం. అది వస్తే, దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు ఆ కంపెనీ అనుమతి లేకుండా అలాంటి ట్యాంకు ఎవరూ చేయకూడదు. ఆ రాయల్టీ చివరికి మన పాల ధరలోనే కోత పడుతుంది.

కానీ 1970 పేటెంట్ల చట్టం అంత తేలిగ్గా ఒప్పుకోదు. వస్తువు కొత్తదైతే చాలదు, ఆ పనిలో నేర్పున్నవాడికి ఇట్టే తట్టేది కాకూడదు. లోహపు పాత్రల తయారీ కేసులో 1978లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: వర్క్‌షాపులో చేసుకునే మామూలు మెరుగుదల ఆవిష్కరణ కాదు. తెలిసిన పరికరాలను పక్కపక్కన అమర్చి, దేని పని అది చేసుకుంటుంటే దానికీ పేటెంటు లేదని సెక్షన్ 3(ఎఫ్) అంటోంది.

మరి నేర్పున్నవాడు ఎవరు? ట్యాంకులు చేసే వెల్డరు, కూలర్లు బాగుచేసే మెకానిక్కు. ఐసుగడ్డను ఊకలో దాచడం, పాతర గోడలకు గడ్డి పరవడం మన పెద్దలకే తెలుసు. మందం పెంచితే చలువ ఎక్కువసేపు నిలుస్తుందని వాళ్లకు ఒకరు చెప్పాలా?

అలాగని పేటెంటు అన్న మాటకే మేము వ్యతిరేకం కాదు. చూశాక అన్నీ తేలికగానే కనిపిస్తాయి. దరఖాస్తు నాటికి ఏం తెలుసన్నదే లెక్క. ఎవరికీ తట్టని మార్గంలో, కరెంటు లేకుండా రాత్రంతా పాలు చెడకుండా ఉంచే ట్యాంకు ఎవరైనా చేస్తే వాళ్ల హక్కు వాళ్లకు దక్కాల్సిందే.

అయితే 'ఇది మాకు ముందే తెలుసు' అని నోటితో అంటే చెల్లదు. పసుపుపై ఇచ్చిన పేటెంటును అమెరికా 1997లో రద్దు చేసిందంటే, మన సీఎస్ఐఆర్ పాత రాతలను సాక్ష్యంగా చూపించబట్టే. దరఖాస్తు ప్రచురించాక, పేటెంటు ఇచ్చేలోపు ఎవరైనా అభ్యంతరం పెట్టవచ్చని సెక్షన్ 25(1) చెబుతోంది. ఇచ్చాక అయితే ఏడాది లోపు, సంబంధం ఉన్నవాళ్లే పెట్టాలి.

అందుకే ప్రతి పాల సొసైటీ తన ట్యాంకుల బిల్లులు, డ్రాయింగులు, ఫొటోలు తేదీలతో భద్రపరచాలి. వ్యవసాయ, పాడి పరికరాల పేటెంటు దరఖాస్తుల సారాంశాలను తెలుగులోనూ ప్రచురించాలని మేము కేంద్ర ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాం. మనకు అర్థం కాని భాషలో ఉన్నదానికి మనం అభ్యంతరం ఎలా చెప్పగలం?