తప్పెట కింద పెట్టినవాళ్లు

పెద్దకడుబూరు వైపు రైతుకు కొత్త దేవుణ్ని కలుపుకోవడం ఎన్నడూ కష్టం కాలేదు. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న దగ్గరికి పోతాడు, మంత్రాలయంలో రాఘవేంద్రస్వామికి మొక్కుతాడు, మొహర్రం వస్తే పీర్లకు చదివింపులు చేస్తాడు, వాన మొహం చాటేస్తే ఊరంతా కలిసి దేవర చేస్తుంది. ఒకరిని కొలిచినందుకు ఇంకొకరిని వదిలెయ్యమని ఎవరూ అడగరు. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి అప్పగించాక ఆదోని తాలూకా బళ్లారి జిల్లా కింద 1953 దాకా ఉంది. ఆ బళ్లారిలో లండన్ మిషన్ 1810 నుంచే ఉంది. కాబట్టి యేసు పేరు కొత్తగా వినబడడం ఒక్కటే కోపం తెప్పించే సంగతి కాదు. మరి వలసపాలనలో తెలుగు పల్లెల్లో మాలమాదిగలు క్రైస్తవంలో కలిసినప్పుడు రైతులు అంతగా ఎందుకు మండిపడ్డారు? వాళ్లు మానేసిన పనిని చూసి, అంటాను నేను.

దేవర అంటే రాతికి పూజ అనుకుంటే ఏమీ అర్థం కాదు. ఊళ్లో ఎవరి పని ఏదో అందరి ఎదుటా మళ్లీ ఖాయం చేసే తంతు అది. తప్పెట కొట్టేది మాదిగలు. దున్నపోతు నెత్తురు కలిపిన అన్నాన్ని అర్ధరాత్రి పొలిమేర చుట్టూ పొలి చల్లే పనీ, తర్వాత కళేబరాన్ని ఈడ్చుకుపోయే పనీ మాదిగల గేరివాళ్లకే. ఆ రోజుల్లో ఏడాది పొడుగునా వాళ్లే చచ్చిన గొడ్లను ఎత్తాలి, కపిల బావికి తోలుబాన కుట్టాలి, రైతు కాలికి చెప్పులు కుట్టాలి. బదులుగా కళ్లం దగ్గర మేర గింజలు దక్కేవి. కలరా వచ్చినా వాన రాకున్నా గ్రామదేవత అమ్మ ఆగ్రహమే గనుక, తప్పెట మోగని దేవర రైతు లెక్కలో సగంలో ఆగిన దేవర. దాని ఫలం ఊరందరూ అనుభవించాలి. అందుకే గుడిలో ఒక్క రాయి కదలకపోయినా, తప్పెట కింద పెట్టడమే విగ్రహభంగమంత తప్పైంది.

ఈ తెగతెంపులు బాగా నమోదైంది ఒంగోలు సీమలో. 1866లో అక్కడికొచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ తన దగ్గరికి వచ్చిన మాదిగలకు మూడు షరతులు పెట్టాడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. పాదిరీ మనసులో మూడోదే పెద్దదేమో గాని రైతుకు మూడూ ఒకటే దెబ్బ. కోత రోజున కూలి రాడు, గొడ్డు చస్తే ఎత్తేవాడు ఉండడు, జాతరకు డప్పు మోగదు. పెద్దరైతులు, కరణాలు ఊరుకోలేదు. నీళ్లకు అడ్డం పడ్డారు, పనులు మాన్పించారు. ఇక కొత్త క్రైస్తవులు పీకేసిన రాళ్లంటారా, అవి తమ వాడలోవి, తమ ఇళ్లలోవి. ఊరి గుడిలోకి అడుగే పెట్టనివ్వని మనిషి ఆ గుడి విగ్రహాన్ని పగలగొట్టాడని నింద వెయ్యడం కూడా కష్టమే.

కరువులో గంజి కోసం మతం మారారన్నది పాత ఎత్తిపొడుపు. నిజాం అప్పగించిన ఈ దత్తమండలాలను 1876-78 కరువు ఊడ్చిపెట్టిన మాట నిజం. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించిన మాటా నిజమే. అయితే కరువు నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకోవడానికి అదొక కారణం. నన్నడిగితే, కరువు చేసిన అసలు పని వేరు. పంట లేనప్పుడు మేర లేదు. మేర లేనప్పుడు ఎవరికోసం తప్పెట కొట్టాలన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది.

విగ్రహాలను తోసెయ్యడం సముద్రాలు దాటి వచ్చిన బుద్ధి అనేవాళ్లూ ఉన్నారు. కానీ రాతిని మొక్కడాన్ని ఎగతాళి చెయ్యడం ఈ నేలకు నేర్పినవాడు వేమన. బనగానపల్లెలో పశువులు కాసిన వీరబ్రహ్మం కథలో మాదిగ కక్కయ్య శిష్యుడు. క్లౌ దగ్గరికి జనాన్ని నడిపించిన యర్రగుంట్ల పేరయ్య అంతకు ముందే రాజయోగం బోధించే గురువు. మనకే ప్రత్యేకం కూడా కాదు. ఫ్రెంచివాళ్ల ఏలుబడి చివర్లో, 1956-57లో, గినీ తీరాన వరి పండించుకునే బగా జనం అసెకూ సయోన్ అనే ముస్లిం ప్రబోధకుడి వెంట నడిచి తమ పవిత్ర వనాలను నరికేశారు. ఆ చరిత్ర రాసిన రమోన్ సర్రో అందులో పెద్దల పెత్తనం మీద కుర్రకారు తిరుగుబాటు చూశాడు. తంతుకు చాకిరీ చేసేవాడే ముందు గొడ్డలి ఎత్తుతాడు.

తప్పెట కింద పెట్టడంతో ఒక కళ పోయిందన్న అభ్యంతరానికి మాత్రం నేను కొంత తలవంచుతాను. అజరయ్య బిషప్‌గా ఉన్న దోర్నకల్‌లో చర్చికి స్థానిక రూపం వెతికారు. 1939లో ప్రతిష్ఠించిన అక్కడి కెథడ్రల్‌లో గుడి, మసీదు పోలికలు రెండూ కనబడతాయి. చాలాచోట్ల మాత్రం పాటతో పాటు వాయిద్యాన్నీ పారేశారు. కానీ పోయినవన్నీ నష్టమేనా? 1904 నాటి బళ్లారి గెజిటీరులో కనిపించే బసివి ఆచారం, అంటే ఆడపిల్లను దేవుడికి వదిలెయ్యడం, ఆ భక్తి పేరు మీదే వాళ్ల బతుకు తీసుకుంది. దాన్ని ఆపడానికి ఆంధ్రప్రదేశ్ 1988లో కూడా చట్టం చెయ్యాల్సివచ్చింది. పైగా డప్పు పూర్తిగా పోలేదు. 1994లో అదే ఒంగోలు ఉన్న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైనప్పుడు మళ్లీ చేతికొచ్చింది, ఈసారి ఎవరి జాతర కోసమూ కాదు.

క్రైస్తవులైనా సరే, ఊరు ఈ మాదిగలను ఏ గేరి అని అడుగుతుంది, ఏ దేవుడని అడగదు. ఆ రెండో ప్రశ్న అడిగేది చట్టం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన మాదిగను ఎస్సీ జాబితా బయటే ఉంచింది. మన రాష్ట్రంలో అతనికి మిగిలేది బీసీ-సి. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది, బోయలను ఎస్టీల్లో చేర్చాలన్న తీర్మానమూ అప్పుడే చేసింది. బోయల కోరికను ఆదోని, ఎమ్మిగనూరు వీధుల్లో గొంతెత్తి అడగొచ్చు. మొదటిదాన్ని అడగాలంటే తాను చర్చికి పోతున్నానని ముందు ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే చేతిలో ఉన్న సర్టిఫికెట్టుకే ఎసరు.