పాసు అడగని దావత్

రంజాన్ ఆఖరి పది రోజుల్లో హైదరాబాద్ నిద్రపోదు. సాయంత్రం ఇఫ్తార్, రాత్రి తరావీ నమాజు, ఆ తర్వాత బజారు, తెల్లవారకముందే సహరీ. పత్తర్‌గట్టీలో బట్టల దుకాణాల ముందు స్టూళ్లెక్కి ధరలు కేకేసే కుర్రాళ్ల గొంతు రాత్రి రెండింటికి కూడా తగ్గదు. లాడ్ బజార్‌లో గాజులవాళ్లు పెట్టె మీద పెట్టె విప్పుతూనే ఉంటారు. ఇంతమంది ఇన్ని రాత్రులు వరసగా కలిసి తిని, తిరిగి, పలకరించుకునే సందర్భం ఈ నగరంలో మరొకటి నాకు తెలియదు.

నగరంలో విందులు, వేడుకలు అనగానే పత్రికలవాళ్లం జూబ్లీహిల్స్ వైపు, గచ్చిబౌలి వైపు చూస్తాం. డిసెంబర్ 31న ఏ హోటల్లో ఏ డీజే, జంటకు పాసు ఎంత అని ముందే రాస్తాం. అదీ రాయాల్సిందే, పడుచువాళ్లు ఆడాలి, పాడాలి. అయితే ఆ విందుకు గుమ్మం ఉంది, గుమ్మం దగ్గర ఒక మనిషి ఉన్నాడు. చేతికి పట్టీ ఉన్నవాళ్లనే లోపలికి పంపుతాడు. నయాపూల్ దాటి పాతబస్తీలోకి వస్తే అలాంటి గుమ్మం లేదు. వనస్థలిపురం నుంచి పిల్లల్ని తీసుకొచ్చిన టీచరు, కూకట్‌పల్లి హాస్టల్ కుర్రాళ్లు, మలక్‌పేట నుంచి ముగ్గురు కూతుళ్లతో వచ్చిన తల్లి, దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన అల్లుడు, అందరూ ఒకే రోడ్డు మీద భుజాలు రాసుకుంటూ నడుస్తారు. ఎవరూ ఎవర్నీ మీది ఏ ఊరని అడగరు. నగరమంటే నా మటుకు నాకు ఇదే.

ఇక హలీమ్ సంగతి. ప్లేటు చేతికొచ్చేసరికి దాని వెనక దాదాపు ఒక పగలు గడిచిపోయి ఉంటుంది. ఇటుకలు, మట్టితో కట్టిన భట్టీలో డేగ్ దించి, కింద కట్టెలు పెడతారు. నానిన గోధుమలు, మాంసం, పప్పులు, అల్లం వెల్లుల్లి, మసాలాలు గంటల తరబడి ఉడుకుతాయి. ఆ తర్వాత పొడవాటి కర్ర ఘోట్నీలు పట్టుకుని చెరోవైపు నిలబడి దంచుతారు. మాంసం పీచు, గోధుమ గింజ రెండూ కనబడకుండా కలిసిపోయేదాకా ఆ దంపుడు ఆగదు. ఎండ మండే మధ్యాహ్నం, కట్టెల సెగ ముందు, నోట్లో చుక్క నీళ్లు పోసుకోకుండా రోజా ఉండి దంచేవాళ్లున్నారు. ప్లేటు మీద వేయించిన ఉల్లిపాయలు, కొత్తిమీర, నిమ్మచెక్క చూసి ఫొటో తీసుకునేవాళ్లు ఒక్కసారి భట్టీ వైపు కూడా వెళ్లి రావాలి. హలీమ్ రుచిలో సగం ఆ చేతులదే.

దీనికి మూలం అరబ్బుల హరీస్. నిజాముల కొలువులో సిపాయిలుగా చేరిన యెమెన్ హద్రమౌత్ ప్రాంతపువాళ్లతో వచ్చింది. వాళ్ల వారసులుండే బార్కస్‌లో ఇప్పటికీ పొద్దున్నే హరీస్ దొరుకుతుంది, ఉప్పుదీ తీపిదీ రెండూ. హోటల్ మేజా మీదికి దాన్ని హలీమ్‌గా తెచ్చింది 1956లో మదీనా హోటల్ నడిపిన ఇరానీ ఆగా హుస్సేన్ జాబిత్ అని చెబుతారు. 2010లో హైదరాబాదీ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనదేశంలో ఒక మాంసాహార వంటకానికి ఆ గుర్తింపు రావడం అదే మొదలు. 2019లో యునెస్కో హైదరాబాద్‌ను ఆహార కళల నగరంగా ఎంచుకుంది. యెమెన్ సిపాయి వంటకం, ఇరానీ హోటలు, దక్కన్ మసాలా కలిస్తేనే ఆ గౌరవం దక్కిందని ఈ నగరం మరిచిపోకూడదు.

ఇప్పుడు హలీమ్ కౌంటర్ లేని కాలనీ లేదు. ఫోన్ నొక్కితే డబ్బాలో ఇంటికొస్తుంది. ముసలివాళ్లకు, పసిపిల్లల తల్లులకు అది మేలే. కాళ్లాడేవాళ్లు మాత్రం ఒక్క రాత్రయినా పాతబస్తీకి వెళ్లాలని నా కోరిక. తినడానికే అయితే డబ్బా చాలు. మక్కా మసీదు పక్కన నిలబడి ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటుంటే, పక్కన నిలబడ్డ అత్తరు వ్యాపారి మాటలు కలుపుతాడు. ఆ మాటలు పార్సిల్ రావు.

వెళ్లేవాళ్లకు ఒక మనవి. మనకది తిండి పండగ కావచ్చు, వాళ్లకది ఆరాధన మాసం. మగ్రిబ్ వేళకు కాస్త ముందు కౌంటర్ల దగ్గర తోసుకోవద్దు. పొద్దుట్నుంచీ పస్తున్న మనిషి ఖర్జూరం నోట్లో వేసుకోవాలని ఇంటికి పరుగెడుతుంటాడు, అతనికి దారి వదలండి. సైరన్ మోగిన క్షణంలో ఆ వీధుల్లో జరిగేది చూడండి. ట్రాఫిక్ కానిస్టేబుల్ చేతిలో ఎవరో ఖర్జూరాలు పెడతారు. ఆటోవాలా సీటు మీదే దస్తర్‌ఖాన్ పరుచుకుని పక్క ఆటో అతన్ని పిలుస్తాడు. మసీదు ఆవరణలో పండ్ల ముక్కలు, పకోడీలు, గుగ్గిళ్లు వరసగా పెడతారు, పేరు తెలియని మనిషి పక్కన కూర్చుంటే జరిగి చోటిస్తారు. ప్రభుత్వం కూడా ఎల్బీ స్టేడియంలో ఇఫ్తార్ విందు ఇస్తుంది. నాయకులు టోపీలు పెట్టుకుంటారు, ఫొటోలు వస్తాయి. నాకు ఆ ఆటో సీటు మీది విందు దానికన్నా ఎన్నో రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది.

దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్ల గురించి కూడా చెప్పాలి. 2025లో రంజాన్ నెలంతా దుకాణాలు 24 గంటలూ తెరుచుకోవచ్చని తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. రోజుకు 8 గంటలు దాటి పని చేయిస్తే రెట్టింపు వేతనం ఇవ్వాలని అందులోనే షరతు పెట్టింది. బేరం అర్ధరాత్రి దాకా జరగాలని కోరుకునే మనం, ఆ షరతు అమలు కావాలనీ కోరాలి. కార్మిక శాఖ అధికారులు ఈ రాత్రుల్లో బజారులోకి వచ్చి అడగాల్సిన ప్రశ్న అది. తెల్లవారుజామున కాగితం ప్లేట్లు, ప్లాస్టిక్ చెంచాలు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులకు కూడా అదే న్యాయం జరగాలి.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది దారి. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా మెట్రో మొదలైంది. మొదటి ప్రణాళికలో ఆ రైలు ఫలక్‌నుమా దాకా వెళ్లాలి. మూసీ ఒడ్డుకొచ్చి ఆగిపోయింది. అక్కణ్నుంచి చార్మినార్ మహా అయితే రెండు కిలోమీటర్లు. ఇంతమంది కాలినడకన చేరే చోటికి నగరపు రైలు చేరలేదు! మోకాళ్ల నొప్పులున్న నానమ్మ, చంకలో బిడ్డ, చేతిలో పండగ బట్టల సంచులతో ఒక తల్లి ఆటో బేరమాడుతూ నిలబడుతుంది. అప్పటికి చివరి రైలు వేళ దగ్గరపడుతుంది. బజారు మాత్రం అప్పుడే ఊపందుకుంటుంది. చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపేసి నడకదారి చేశారు, సంతోషం. అంతదూరం నడిచొచ్చిన ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడో చూపించే బోర్డు కూడా అంతే అవసరం.

డిసెంబర్ 31న మెట్రోను అర్ధరాత్రి దాటేదాకా నడిపిన అనుభవం మనకుంది. మంచి పని. తాగినవాళ్లు బండి నడపకుండా ఇంటికి చేరడానికి అది పనికొచ్చింది. రంజాన్ ఆఖరి పది రాత్రులకూ ఏటా అదే ఏర్పాటు ఉండాలి. ఎంజీబీఎస్ నుంచి చార్మినార్, శాలిబండ మీదుగా రాత్రంతా చిన్న బస్సులు తిప్పాలి. మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు అక్కర్లేదు, బస్సే ఉండాలి.

ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రో దారికి ఆస్తుల సేకరణ మొదలైంది. అందులో చార్మినార్ పేరుతో ఒక స్టేషన్ ఉంది. చాంద్రమాన నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి 2030లో రంజాన్ రెండుసార్లు వస్తుంది. ఒకటి జనవరిలో, రెండోది డిసెంబర్ ఆఖరి వారంలో మొదలవుతాయి. ఆ ఏడాది డిసెంబర్ 31న కొత్త నగరం పాసులు పట్టుకుని, పాతబస్తీ ఖర్జూరాలు పట్టుకుని ఒకే రాత్రి రోడ్డెక్కుతాయి. రైలు ఆ రాత్రికి చార్మినార్ స్టేషన్‌లో ఆగేలా పని పూర్తిచేయాలి. బస్సులకూ, మరుగుదొడ్లకూ అంత కాలం అక్కర్లేదు, ఈ వారమే మొదలుపెట్టవచ్చు.