అనువాద యంత్రానికీ ఒక చూసేవాడు కావాలి

పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశే. ఇక్కడ ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం. బడికి వచ్చే ఉత్తర్వులు కన్నడంలో ఉంటాయి. వాటిని తల్లిదండ్రులకు చెప్పడానికి మేము ఫోన్‌లోని అనువాదాన్ని నమ్ముకుంటున్నాం.

ఒకసారి 'దాఖలాతి ఆందోలన' అని ఉత్తర్వు వచ్చింది. పిల్లల్ని బడిలో చేర్పించే కార్యక్రమం అది. ఫోను దాన్ని 'పత్రాల ఆందోళన' చేసింది. చూసుకోకుండా గ్రూపులో పెట్టేశాం. మరునాడు కొందరు తల్లులు రేషన్ కార్డులు, సర్టిఫికెట్లు పట్టుకుని బడికొచ్చారు. ఆ రోజు కూలి పోయింది. తప్పు యంత్రానిదే కాదు, చదవకుండా పంపిన మాది కూడా.

ఇంగ్లీషు మీదుగా పోయే అనువాదంలో ఇంకో చిక్కుంది. కన్నడంలోని 'అక్క' ఇంగ్లీషులో 'సిస్టర్' అయి, తెలుగులోకి 'సోదరి'గా దిగుతుంది. రెండు భాషల్లోనూ ఉన్న మాట మధ్యదారిలో పోతుంది. 'నువ్వు', 'మీరు' తేడా కూడా అంతే.

మద్రాస్ ఐఐటీలోని ఏఐ4భారత్ 2023లో ఇండిక్‌ట్రాన్స్2 విడుదల చేసింది. అది 22 షెడ్యూల్డ్ భాషలకు పనిచేస్తుంది. కన్నడం నుంచి తెలుగుకు నేరుగా అనువదించే నమూనా కూడా అందులో ఉంది. ఉచితంగా తీసుకుని సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు. అప్పుడు పిల్లల పేర్లు, ఇంటి ఆదాయం వివరాలు బయటి సర్వర్లకు పోవు.

అయితే బోరు మోటారు బిగిస్తే చాలదు, చూసేవాడుండాలి. సర్వరూ అంతే. ఏ భాషకు ఏ ఇంజిన్ నడపాలో ఒకరు నిర్ణయించాలి. కొత్త వెర్షన్ వస్తే ముందు మన ఉత్తర్వుల్లోని వాక్యాలతో పరీక్షించాలి. బాగాలేకపోతే పాతదానికి మార్చడానికి వీలుండాలి. బడి మాటల పట్టిక ఒకటి దానికి జతచేయాలి. చివరగా ఒక తెలుగు టీచరు చదివాకే బయటికి పంపాలి.

మధుగిరి విద్యా జిల్లాకు ఇలాంటి సర్వర్ ఒకటి, దాన్ని చూసే మనిషి ఒకరు కావాలని మా విన్నపం. కన్నడం నేర్చుకుంటే సరిపోదా అంటారు. పిల్లలకు నేర్పుతూనే ఉన్నాం, నేర్పాలి కూడా. కానీ ఉత్తర్వు అర్థం కావలసింది ఈరోజు, వాళ్ల అమ్మానాన్నలకు. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచి చెబుతోంది. బడి కబురు ఇంటికి అర్థమయ్యేలా చేరడం కూడా అందులో భాగమేనని మేము అనుకుంటున్నాం.

వచ్చే ఎస్‌డీఎంసీ సమావేశంలో ఈ మాట అడగండి. తీర్మానం రాయించండి. మాటల పట్టిక రాసే పని మేము మొదలుపెడతాం.