సంచి విప్పేది ఎవరిది? గేటు ఎత్తేది ఎవరికి?

రాత్రి బస్సుల బార్డర్ దాటినోళ్లకు ఈ సంగతి కొత్తది కాదు. బస్సు ఆగుతుంది. టార్చిలైటు పట్టుకుని జవాన్లు ఎక్కుతారు. నలభై మంది కూచున్న బస్సులో ఆ టార్చి ఎవరి మొఖం మీద ఆగుతుంది? ముందు సీట్లో ఇస్త్రీ చొక్కా మీదనా? కాదు. వెనక సీట్లో, కాళ్ల సందున గోనెసంచి పెట్టుకుని కునుకు తీస్తున్న మనోడి మీద ఆగుతుంది. "ఏడికెళ్లి వస్తున్నవ్‌రా? సంచిల ఏమున్నది? దిగు కిందికి!"

దిగుతాడు. సంచి విప్పుతాడు. ఏముంటుంది అందులో? బిడ్డ ఇంటికి తీసుకపోయే జొన్నలు, కందిపప్పు, ఓ పాత చీరె, సద్దిరొట్టెలు. అన్నీ రోడ్డు మీద పరిచి చూపిస్తాడు. మళ్లీ మూట కట్టుకునేది ఆయనే. డ్రైవరు హారన్ కొడుతుంటాడు. బస్సులోని వాళ్లంతా ఆయనను దొంగను చూసినట్టు చూస్తుంటారు. ఆ సోదాలో దొరికింది ఏమీ లేదు. పోయింది మాత్రం ఉంది. పోయింది మర్యాద.

ఇది ఏ ఒక్క పోస్టు సంగతో, ఏ ఒక్క శాఖ సంగతో కాదు. గేటు ఎక్కడ ఉన్నా, దానికి ఈ వైపు నిలబడ్డా ఆ వైపు నిలబడ్డా మన సంచికి పట్టే గతి ఇదే.

అసలు ఈ బార్డర్ ఏంది? మన తాతలకు ఇక్కడ బార్డర్ లేదు. 1956 నవంబరు 1 దాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోది. రాష్ట్రాల పునర్విభజన చట్టం ఈ తాలూకాను నిర్ణా సర్కిల్ వదిలేసి మిగతాది తెచ్చి మెదక్ జిల్లాలో కలిపింది. నారాయణఖేడ్ తాలూకా, న్యాల్‌కల్ సర్కిల్ కూడా అట్లనే ఇటు వచ్చాయి. బీదర్, నిర్ణా మైసూరు రాష్ట్రానికి పోయాయి. భాష చూసి గీత గీశారు. చుట్టరికం చూసి గీయలేదు. అత్తగారిల్లు అటు, తల్లిగారిల్లు ఇటు. కూలి అటు, రేషన్‌కార్డు ఇటు. ఝరాసంగం కేతకి సంగమేశ్వరునికి కన్నడపోళ్లు, మరాఠోళ్లు ఇటు వస్తారు. దవాఖానకు, సంతకు మనం బీదర్ పోతాం. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ కలిపి మాట్లాడే నోళ్లు మనవి. మనకు బార్డర్ దాటడం అంటే ప్రయాణం కాదు, రోజూ బతుకు.

అట్లని తనిఖీలే వద్దని మేము అంటలేము. ఈ మాట గట్టిగా చెప్పాలి. మచిలీపట్నం నుంచి పుణె దాకా పోయే 65వ నెంబరు జాతీయ రహదారి మన ఊరి మీదుగానే పోతుంది. ఆంధ్రా, ఒడిశా సరిహద్దు ఏజెన్సీలో బయలుదేరిన గంజాయి ఈ తొవ్వనే పట్టి మహారాష్ట్రకు పోతున్నదని పట్టుబడిన కేసులే చెప్తున్నాయి. అది దారిలో కొంత రాలుతుంది. రాలేది ఎక్కడ? మన వాడల్లోనే. చదువు ఆగిన పిల్లలు, పని దొరకని పిల్లలు మన దగ్గరే ఎక్కువ. ఆడపిల్లలను, చిన్నపిల్లలను పనికని చెప్పి బార్డర్ దాటించే బ్రోకర్లు చూసేది కూడా మన గుడిసెల వైపే. కాబట్టి మంచి తనిఖీ ఉంటే ముందు బాగుపడేది మనమే. చెడ్డ తనిఖీ ఉంటే ముందు దెబ్బతినేదీ మనమే.

మంచి తనిఖీ ఏది, చెడ్డది ఏది? సరుకు జాడ పట్టుకుని చూసేది మంచిది. మొఖం చూసి, బట్ట చూసి, భాష చూసి, కులం పసిగట్టి ఆపేది చెడ్డది. "బస్సుల సంచిల గూడ గంజాయి దొరుకుతది గదా" అని ఎవరన్నా అడగవచ్చు. నిజమే, దొరుకుతుంది. నాలుగు వేల కూలికి ఆశపడి సంచి మోసి జైలుకు పోయిన పిల్లలు ఉన్నారు. సరుకు యజమాని మాత్రం ఆ బస్సులో ఉండడు. అయితే నలభై మందిలో ఒక్కని సంచే ఎందుకు? చూస్తే అందరివీ చూడండి. లేదంటే సమాచారం మీద చూడండి. మొఖమే సమాచారం అయితే అది తనిఖీ కాదు, పాత అంటరానితనానికి తొడిగిన కొత్త యూనిఫాం.

పాతదని ఎందుకు అంటున్నాం? 1871లో తెల్లదొరలు నేరస్త జాతుల చట్టం తెచ్చారు. పుట్టుకతోనే మనిషిని దొంగ అన్నారు. పోలీసు దగ్గర హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. ఆ చట్టం 1952 ఆగస్టు 31న పోయింది. చట్టం పోయింది గానీ చూపు పోలేదు.

1934లో బాబాసాహెబ్ అంబేడ్కర్ తోటి కార్యకర్తలతో కలిసి దౌలతాబాద్ కోట చూడడానికి వచ్చారు. దౌలతాబాద్ అప్పుడు మన హైదరాబాద్ రాజ్యంలోదే. కోట బయట చిన్న చెరువులో మొఖాలు కడుక్కున్నందుకు గొడవ లేచింది. చివరికి లోపలికి పోనిచ్చారు. ఎట్లా? నీళ్లు ముట్టకుండా చూడమని తుపాకి పట్టిన సిపాయిని వెంట పంపి! ఈ సంగతిని ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు. కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చిన మనిషికి సొంత దేశంలోనే సిపాయి కాపలా! ఆ సిపాయి కాపాడింది కోటను కాదు, కులాన్ని. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లకు పాస్‌బుక్ లేకుండా అడుగు తీసి అడుగు వేయనీయలేదు. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో ఆ పాసులకు ఎదురు నిలిచిన 69 మందిని కాల్చి చంపారు. అక్కడ పాస్ చట్టాలు పోవడానికి 1986 దాకా పట్టింది. ఎక్కడైనా అంతే. గేటు అందరికీ అని చెప్తారు, ఆపేది కొందరినే.

ఇంకో సంగతి చూడండి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది, రాష్ట్రాల మధ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. 2025 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం రవాణా శాఖ చెక్‌పోస్టులను కూడా మూసేసింది. లారీలు ఆగొద్దు, సరుకు ఆలస్యం కావొద్దు, లంచాలు పోవాలి అన్నారు. మంచిదే, మేమూ కాదనం. వ్యాపారి సరుకు పరువుగా, ఆగకుండా పోయే ఉపాయం ఈ సర్కారుకు తెలుసు. మరి కూలోడి మూట పరువుగా పోయే ఉపాయం ఎందుకు తెలియదు?

2020 యాదికి తెచ్చుకోండి. కరోనా అని బార్డర్లు మూసేశారు. రోగం ఆపాలె, నిజమే. కానీ విమానంలో వచ్చిన రోగానికి కాలినడకన పోయేటోడు శిక్ష అనుభవించాడు. మార్చి 29న కేంద్రం సరిహద్దులు మూయమన్నది, వలస కూలీలను ఎక్కడివాళ్లను అక్కడే ఆపమన్నది. ఒక నెల గడిచి, మన సంగారెడ్డి జిల్లా కందిలో కట్టడం పనికి వచ్చిన కూలీలు ఇండ్లకు పంపమని తిరగబడ్డ తర్వాత గానీ కదలిక రాలేదు. మే 1న లింగంపల్లి నుంచి హటియాకు మొదటి శ్రామిక్ రైలు కదిలింది. ఏడాది తిరిగాక, 2021 మేలో కర్నూలు దిక్కు బార్డర్ల దగ్గర ఆంధ్ర నుంచి వచ్చే అంబులెన్సులను ఆపారు. ముందస్తు అనుమతి ఉంటేనే రావాలని సర్క్యులర్ ఇచ్చారు. మే 14న హైకోర్టు దాన్ని నిలిపేసింది. ఊపిరి ఆడని మనిషిని గేటు కాడ కాగితం అడగడం భద్రత కాదని ఆనాడు తేలిపోయింది.

రాజ్యాంగం ఏమంటున్నది? 19వ అధికరణం (1)(డి) ప్రకారం దేశమంతా స్వేచ్ఛగా తిరిగే హక్కు ప్రతి పౌరునికి ఉంది. అదే అధికరణం (5)లో, ప్రజల మేలు కోసం, షెడ్యూల్డు తెగల రక్షణ కోసం సబబైన ఆంక్షలు పెట్టవచ్చని కూడా ఉంది. 'సబబైన' అన్న ఆ ఒక్క మాటలోనే మన లొల్లి అంతా ఉంది. కారణం చెప్పకుండా ఆపడం సబబు కాదు. ఒక్కన్నే ఏరి ఆపడం సబబు కాదు. అవసరానికి మించి నిలబెట్టడం సబబు కాదు.

కార్యకర్తలు ఈ నాలుగు సంగతులు వాడలో చదివి వినిపించాలి.

ఒకటి. గంజాయి చట్టం (1985) 50వ సెక్షన్ ప్రకారం ఒంటి మీద సోదా చేసేటప్పుడు, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో చేయమని అడిగే హక్కు ఉంది. ఇది ఒంటి సోదాకే, చేతిలో సంచికి వర్తించదు. ఆడమనిషిని ఆడమనిషే సోదా చేయాలి.

రెండు. 2024 జులై 1 నుంచి అమలైన కొత్త చట్టం (బీఎన్‌ఎస్‌ఎస్) 105వ సెక్షన్ ప్రకారం సోదాను, జప్తును వీడియో తీయాలి. ఏమన్నా పట్టుకుంటే జాబితా రాయాలి. చీటీ అడిగి తీసుకోండి. ఎన్నికలప్పుడు ఎడ్లు అమ్మిన పైసలు పట్టుకుంటే అమ్మిన రసీదు చూపి జిల్లా కమిటీకి దరఖాస్తు పెట్టండి.

మూడు. కులం పేరుతో నలుగురిలో తిడితే అది 1989 అత్యాచార నిరోధక చట్టం కింద నేరం. తిట్టినోడు ఖాకీ బట్టలో ఉన్నా నేరమే. పశువులు తోలుకపోయేటోళ్లను అటకాయించి కొట్టే ప్రైవేటు మూకలకు ఏ గేటూ లేదు, ఏ అధికారమూ లేదు.

నాలుగు. ఇది మన పిల్లలకు చెప్పాలి. గంజాయి 20 కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాని జైలు, లక్షకు తక్కువ కాని జరిమానా. తెలియని మనిషి ఇచ్చిన సంచి ముట్టొద్దు. సోదాను ప్రశ్నించే నోరు మనకు ఉండాలంటే మన సంచి శుభ్రంగా ఉండాలి.

సర్కారును మేము అడిగేది పెద్దదేమీ కాదు. ఎందుకు ఆపుతున్నారో తెలుగులో, కన్నడంలో, మరాఠీలో, ఉర్దూలో బోర్డు పెట్టండి. ఆడ జవాన్లను పెట్టండి. దించితే అందరినీ దించండి, లేకుంటే ఎవరినీ దించొద్దు. అంబులెన్సును, పురిటి మనిషిని ఒక్క నిమిషం ఆపొద్దు. "రా, పో" బందు పెట్టి "రండి, పోండి" అనడం నేర్చుకోండి. దానికి బడ్జెటు అక్కరలేదు.

అన్నలారా, అక్కలారా! ఈసారి బస్సులో మనోన్ని ఒక్కన్నే దించితే మీరు సీట్లో కూచోవద్దు. ఇద్దరు ముగ్గురు వెంట దిగండి. గొడవ చేయొద్దు, తిట్టొద్దు, పక్కన నిలబడండి. "ఎందుకు సార్?" అని మర్యాదగా అడగండి. సోదా చేసుకోనీయండి. తర్వాత కిందపోసిన జొన్నలు ఎత్తడానికి ఒక చెయ్యి వేయండి. తారీకు, టైము, బస్సు నెంబరు రాసుకుని సంఘానికి తెచ్చివ్వండి. ఒక్కని మూట ఒక్కడే కట్టుకున్నన్ని రోజులు ఆ టార్చి అతని మొఖం మీదనే ఆగుతుంది. నలుగురు లేచి నిలబడ్డ రోజు ఆ టార్చి సరుకును వెతకడం నేర్చుకుంటుంది.

జై భీమ్!