మంజిల్ అంటే నీళ్లున్న చోటు

ఉర్సుకి కారులో పోయి, గంధం చూసి, తబర్రుక్ తీసుకుని రాత్రికల్లా ఇంటికొచ్చే ఖౌమ్ అయిపోయాం మనం. తప్పని అనడం లేదు. ముసలివాళ్లూ చంటిపిల్లలూ ఉన్న ఇంటికి కారు అల్లా ఇచ్చిన నేమతే. కానీ మన పెద్దలు నడిచిన దారులు ఒక్కొక్కటే కంపచెట్ల కింద కలిసిపోతున్నాయి. దారి పోతే పోయిందిలే అనుకోవచ్చు. దాని వెంట బావులు కూడా పోతున్నాయి. నా ఫిక్ర్ వాటి గురించే.

మన కుర్రాళ్లకు ట్రెక్కింగ్ షౌక్ బాగానే ఉంది, నాకూ ఉంది. సెలవొస్తే గండికోట, లేదంటే విశాఖ వైపు సముద్రం ఒడ్డు. స్పెయిన్‌లో శాంటియాగోకు నడిచే క్రైస్తవ యాత్రికుల దారుల్లో ఒకటి సముద్రతీరం వెంబడే పోతుంది. ఎలియాస్ వలిన్యా అనే పాదిరీ 1984లో పెయింట్ డబ్బా పట్టుకుని శాంటియాగోకే పోయే మరో దారి పొడవునా పసుపు బాణాలు గీస్తూ పోయాడు. మరుగున పడిన యాత్ర మళ్లీ లేచింది. అక్కడ బాణం గుర్తు చాలింది. మన సీమలో బాణం ఒక్కటే చాలదు.

ఆత్మకూరు నుంచి నల్లమల మీదుగా శ్రీశైలం పోయే కాలిబాట చూస్తే సంగతి తెలుస్తుంది. ఉగాది ముందు కర్ణాటక నుంచి వేలమంది మల్లన్న భక్తులు ఎమ్మిగనూరు, కర్నూలు దాటి వచ్చి ఆ దారిన అడవిలోకి దిగుతారు. నాగలూటి దాటాక వచ్చే మజిలీల పేర్లు వినండి: పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను. చెరువు, బావి, కొలను! దేవుడి పేరు ఆఖరున కైలాసద్వారం దగ్గరగానీ రాదు. ఆ బాట వేసినవాళ్లు ముందు నీళ్లు వెతికారు, తర్వాతే దారి వేశారు. ఎండలో బండల మీద నడిచినవాడికి ఇది ఎవరూ సమ్‌ఝాయించాల్సిన పని లేదు.

మా దాదీమా ఆదోని వైపు నుంచి ఎల్లార్తి షేక్‌షావలి, షాషావలి దర్గాకు నడిచే పోయేది. ఎంత దూరం అని అడిగితే మైళ్లు చెప్పేది కాదు, మూడు బావులు అనేది. మొదటి బావి దగ్గర ఫజర్, రెండో దాని దగ్గర రొట్టె, మూడో బావి దగ్గర ఎండ దిగేదాకా ఆరామ్. రెండో బావి రెడ్డిగారి పొలంలో ఉండేదట. ఉర్సు రోజుల్లో తాడూ చేదా ఆయనే పెట్టించేవాడట. ఇప్పుడు ఆ బావుల ఠికానా చెప్పగలిగినవాళ్లు మా ఖాందాన్‌లో ఒక్కరే ఉన్నారు, మా ఫూఫీ. ఆమెకు ఎనభై దాటాయి.

కడప వైపూ ఇలాంటి దారి ఒకటుంది. ముడుమాల దూదేకుల ఇంటి బిడ్డ సిద్దయ్య కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మంగారి శిష్యుడయ్యాడు. ఆ సంగతి తెలిసి నవాబు సిద్ధవటానికి పిలిపించాడనీ, సిద్దయ్య సలాం చేస్తే బండ పగిలిందనీ చెప్పుకుంటారు. బండ సంగతి ఎవరి అఖీదా వారిది. ముడుమాల, కందిమల్లాయపల్లె, పెన్న ఒడ్డున సిద్ధవటం మూడూ ఈ రోజుకూ ఉన్నాయి. అక్కడ కోట చూసి వచ్చే మన పిల్లల్లో ఎంతమందికి ఈ కథ తెలుసు? మఠానికి వచ్చేవాళ్లకు తెలుసు, మనమే మరిచిపోయాం.

ఇక్కడ కొందరు భాయీలు లేచి, దర్గాలకు నడవడమే బిద్‌అత్ కదా అంటారు. ఆ ఇఖ్తిలాఫ్ ఉలమాలకు వదిలేద్దాం. నీళ్ల మీద మాత్రం ఏ మస్లక్ వారికీ ఇఖ్తిలాఫ్ లేదు. తల్లి పోయాక ఆమె ఈసాలె సవాబ్ కోసం హజ్రత్ సాద్ బిన్ ఉబాదా తవ్వించింది బావి. మదీనాలో హజ్రత్ ఉస్మాన్ కొని అందరికీ వక్ఫ్ చేసింది రూమా బావి. కూఫా నుంచి మక్కాకు పోయే ఎడారి దారిలో హాజీల కోసం బావులూ హౌజులూ కట్టించిన హారూన్ రషీద్ బేగం జుబైదా పేరే ఆ దారికి నిలిచింది, దర్బ్ జుబైదా అని. అసలు సఫా మర్వాల మధ్య మనం చేసే సయీ ఏమిటి? బిడ్డ దాహం తీర్చడానికి ఒక తల్లి నీళ్ల కోసం పరుగెత్తిన దారే కదా.

మరి మనం ఉర్సుకి ఖర్చు పెడుతున్నది దేని మీద? లైట్లు, సౌండు బాక్సులు, చాదర్ మీద చాదర్. ఒక్క ఏడాది ఒక్క ఊరి జమాత్ ఆ పైసల్లో కొంత తీసి, దర్గా దారిలోని ఒక పాత బావి పూడిక తీయించి చూడండి. జియారత్‌కి పోయేవాడే కాదు, గొర్లు కాసేవాడూ తాగుతాడు. మీ ఇంట్లో దాదీ, నానీ ఉంటే ఈ జుమ్మాకే పక్కన కూర్చుని, ఎక్కడ ఆగేవాళ్లు, నీళ్లెవరు పోసేవాళ్లు అని అడిగి ఫోన్లో రికార్డు చేసుకోండి. మా ఫూఫీని ఆటోలో తీసుకుపోయి ఆ మూడు బావులూ చూపించమని అడిగాను. ఎండలు ముదరకముందే పోదాం అంది.

ఇంకో మాట. మొహర్రంలో మనం సబీల్ పెట్టి షర్బత్ పోస్తాం, అడిగి ఎవరికీ పోయం. ఉగాదికి ముందు కర్నూలు రోడ్ల మీద చెప్పుల్లేని కాళ్లతో శ్రీశైలం నడిచేవాళ్లకు కూడా అదే సబీల్ పెట్టొచ్చు. ఒక పందిరి, నాలుగు కుండలు, వంతులేసుకుని నిలబడే కుర్రాళ్లు ఉంటే చాలు. మా గల్లీ నుంచి ఆరుగురు పేర్లిచ్చారు.